మాట అందించే మా చిన్నాయన

మొన్న మంగళవారం పొద్దున తరగతిలో హాజరు తీసుకుంటుంటే పెనుకొండ నుంచి తమ్ముడు, మా చిన్నాయన కొడుకు, ఫోన్ చేశాడు. "అక్కా, నాయన పాయ" అన్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశామని ముందురోజు చెప్పినప్పుడే సగం తెలిసిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి మిగిలిన పేర్లు కూడా పిలిచాను. మా బడిలో సగం మంది పిల్లల్ని నోటితో పిలవాలి, సగం మందిని చేత్తో పిలవాలి. నోరు బాగానే పలికింది. చేతులే మొరాయించాయి.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పేరున్న మనిషేమీ కాదు. నలభై ఏళ్ళు పల్లెల్లో పౌరాణిక నాటకాలకు మాట అందించాడు. స్టేజీ పక్కన తెర వెనక బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, వేషగాడికి మాట తప్పితే వాడికి మాత్రమే వినపడేట్టు చెప్పడం ఆయన పని. గోరంట్ల, చెన్నేకొత్తపల్లి, అటు అమరాపురం దాకా ఎక్కడ నాటకం కట్టినా ఆయన కోసం మనిషి వచ్చేవాడు. దండలు వేషగాళ్ళకు పడేవి. వన్స్ మోర్లు వాళ్ళకే. ఎవడైనా తడబడితే మాత్రం "అందించేటోడు నిద్రపోయినాడు రా" అని జనం నవ్వేవాళ్ళు. ఇంట్లో కూడా ఆయనది అదే గొంతు. "ఈ మనిషి ఇంట్లో ఉండాడో లేడో నాకే తెలీదు, ఇంగ మీకేం చెప్పేది" అని మా చిన్నమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా అంటుండేది.

నాటకం ఉన్న రోజు ఆయన వక్కాకు వేసేవాడు కాదు, చెనిక్కాయలు ముట్టేవాడు కాదు. నోట్లో పలుకుంటే మాట ఆలస్యమవుతుందట. వేషగాడు మరిచిపోయాడని నీకెట్లా తెలుస్తుందని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "మాట మరిచేటోడు ముందు కాలు మరిచిపోతాడు పాపా. నడుస్తా నడుస్తా అడుగు యాడ పెట్టాల్నో తెలీక నిలుస్తాడు. నేను మొగం చూడను, మడిమ చూస్తా" అన్నాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "ముందే ఇస్తే ఆ మాట నాదైతాది. వాడు ఎతుక్కున్నంక ఇస్తే వాడిదైతాది." పెద్దవాళ్ళు చెప్పుకునే గొప్పల్లో ఇదొకటి అనుకుని ఊరుకున్నాను.

తర్వాత వేషగాళ్ళ చొక్కాలకు చిన్న మైకులు వచ్చాయి. అవి పక్కనున్న గుసగుసను కూడా పట్టి ఊరందరికీ వినిపించేవి. ఒక ఊళ్ళో రాజు వేషగాడు నోరు తెరవకముందే రాజు మాట స్పీకర్లో వచ్చిందట. ఒక్కొక్క ఊరే ఆయన్ను పిలవడం మానేసింది. రెండేళ్ళు పెనుకొండలో ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పుస్తకాలన్నీ గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. ఎట్లా ఉన్నావని అడిగితే "నాకింగ పనేం ఉండాది పాపా" అనేవాడు, కోపం లేకుండా. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

పోయినేడు మా బడిలో నాటకం తలపెట్టాం. హిందూపురంలో మాది వినపడని పిల్లలూ కనపడని పిల్లలూ కలిసి చదివే బడి. ఏటా వార్షికోత్సవానికి కనపడని పిల్లలు పాటలు పాడతారు, వినపడని పిల్లలు డాన్సు చేస్తారు. ఒకరిది ఇంకొకరికి అందదు. ఒక సగం ఆడుతుంటే ఇంకో సగం గోడకు ఆనుకుని ఎప్పుడైపోతుందా అని కూర్చుంటారు. ఈసారి ఇద్దరూ కలిసి ఆడి, ఇద్దరూ కలిసి చూసే నాటకం ఒకటి చేద్దామని మీటింగులో నోరు జారాను. ఇంకేముంది, పనంతా నా నెత్తిన పడింది.

గొర్రెలు మేపే అక్కాచెల్లెళ్ళ కథ రాశాను. అక్కకు కనపడదు, చెల్లెలికి వినపడదు. దుమ్ముగాలి లేచి గుట్టల్లో ఇద్దరూ విడిపోతారు. అక్క పిలుపు చెల్లెలికి చేరదు, చెల్లెలు చెయ్యూపితే అక్కకు తెలియదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ఆ వేషాలు కట్టారు, నిజంగానే ఒకరికి కనపడదు, ఒకరికి వినపడదు. అక్క పలికే ప్రతి మాటా నేను పక్కన నిలబడి చేతులతో చెప్పాలి. చెల్లెలు చేతులతో చెప్పే ప్రతి మాటా నోటితో చెప్పాలి. చూసేవాళ్ళలో వినపడని పిల్లలకు తలా ఒక బెలూన్ ఇచ్చాం, తప్పెట అదురు వేళ్ళకు తెలుస్తుందని. కనపడని పిల్లల్ని ముందుగానే స్టేజీ మీదికి పిలిచి కంబళి, కర్ర, గొర్రెల మెడగంటలు తడిమి చూడమనేవాళ్ళం. సాయంత్రానికి నాకు భుజాలు పట్టేసేవి, గొంతు బొంగురుపోయేది. పిల్లలు మాట మరిచిపోతే అందించడానికి నా దగ్గర నోరూ ఖాళీ లేదు, చేతులూ ఖాళీ లేవు. అప్పుడు చిన్నాయన గుర్తుకొచ్చాడు.

ఫోన్ చేస్తే "ఎవురికి అందియ్యాల?" అన్నాడు. చెప్పాను. మర్నాడు మొదటి బస్సుకే దిగాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, నా నాటకాన్ని తన చేత్తో తిరగరాసుకోవడానికి కొన్న కొత్త నోటుబుక్కుతో. ఆ రోజే చెల్లెలి వేషం పిల్ల మరిచిపోయి నిలబడితే, అలవాటు కొద్దీ తెర పక్క నుంచి గుసగుసగా అందించాడు. ఆ పిల్ల నవ్వాపుకుంటూ తన చెవి చూపించింది. ఆ కంగారులో ఇటు తిరిగి అక్క వేషం పిల్లకు చెయ్యి ఊపి సైగ చేశాడు. నేను నుదురు కొట్టుకున్నాను. "ఉండమ్మా, ఉండు. ఇద్దురివీ మార్చి ఇస్తి" అన్నాడు. వారానికల్లా సర్దుకున్నాడు. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక చెల్లెలి వేషం పిల్ల ఎదురుగా కూర్చుని సైగలు నేర్చుకునేవాడు. ఒకరోజు చిన్నమ్మ ఫోన్ చేస్తే, "పనిలో ఉండా, మల్లా చేస్తా" అని పెట్టేశాడు. ఆ మాట అనడానికే ఫోన్ ఎత్తినట్టున్నాడు.

నాటకానికి ఇంకా రెండు వారాలుందనగా చిన్న తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి మొదటిసారి మొత్తం ఆడించాం. పది నిమిషాలు కాకముందే కనపడని పిల్లల వైపు నుంచి నవ్వులు మొదలయ్యాయి. ఐదో తరగతి పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"టీచర్, ఈ నాటకంలో దెయ్యం ఉండాదా? అక్క మాట్లాడేకి ముందే ఎవురో మాట్లాడతాండారు."

ఆ పిల్లల చెవుల సంగతి నాకు తెలియనిది కాదు. గేటు దగ్గర చెప్పుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పేస్తారు. మైకులు లేవు కదా అని ధీమాగా ఉన్నాం గానీ, తెర వెనక గుసగుస వాళ్ళకు తెలియకుండా ఉంటుందని నేనూ చిన్నాయనా ఎట్లా అనుకున్నామో. అక్క మరిచిన ప్రతి మాటా వాళ్ళు రెండుసార్లు విన్నారు. హాలంతా నవ్వింది. చిన్నాయన కూడా నవ్వాడు. నోటుబుక్కు మూసి, ఆ సాయంత్రమే పెనుకొండ బస్సెక్కాడు.

మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆదివారం నేనే పోయాను. ఆయనా చిన్నమ్మా నడవలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నారు. నేను చెప్పులు విడవకముందే అన్నాడు.

"నలభై ఏండ్లు ఎవురికీ దొరకలేదు. ఇప్పుడు ఐదో తరగతి పాపకు దొరికిపోతి."

"ఆ పాప తమాషాకు అనింది చిన్నాయనా."

"తమాషా యాడిది, నిజమే అనింది. నలుగురికీ వినపడితే నేను అందించేటోడిని ఎట్లయితా? మైకులు నన్ను పట్టిచ్చినాయి అనుకుంటి. మైకులు లేని చోట గూడా పట్టుబడితి. ఇంగ నాకు ఈ పని లేదులేమ్మా."

"పదిరోజులే ఉండాది. నువ్వు రాకుంటే ఎట్ల?"

"ఎవురన్నా వయసులో ఉండేటోళ్ళను చూసుకో."

నాకు ఒళ్ళు మండింది. గట్టిగా ఏదో అనబోయి, గడపలోనే కూలబడి ఏడ్చేశాను. ఆయన పని పోయిందని ఏడ్చానంటే అబద్ధం. పొద్దున లేస్తే చేతులు, గొంతు, అనుమతి కాగితాలు, పిల్లల అలకలు, వీటితో అలసిపోయి ఏడ్చాను. చిన్నమ్మ లేచి సంగటి పెట్టింది. చిన్నాయన కాయలు ఒలుస్తూనే ఉన్నాడు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం ఒకటి అడిగాడు.

"మీ స్టేజీ సిమెంటుదా, చెక్కదా?"

"బెంచీలు కలిపి, పైన పల్చటి చెక్కలు పరిచినాం."

"సరే" అన్నాడు.

సోమవారం వచ్చాడు. చేతిలో నోటుబుక్కు లేదు. పలకరింపు కూడా లేకుండా నేరుగా పోయి బెంచీల కింద వెల్లకిలా దూరాడు. "ఆ పాపను చెప్పుల్లేకుండా పైన నిలబెట్టు" అని లోపలి నుంచి అన్నాడు. చెల్లెలి వేషం పిల్లను నిలబెట్టాను. ఒక్క క్షణానికి ఆ పిల్ల ఉలిక్కిపడి తన కాళ్ళ వంక చూసుకుంది. కింద నుంచి చిన్నాయన వేలి కొనతో చెక్కను తట్టాడు. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. మా మెస్సులో ఎవరైనా బెంచీ మీద పళ్ళెం పెడితే, ఆ బెంచీ మీద కూర్చున్న వినపడని పిల్లలు తిరిగి చూడటం ఆయన గమనించాడట. అదే మెస్సులో ఏళ్ళ తరబడి తింటున్న నాకు అది కంటపడలేదు.

"మాట ఎట్ల అందిస్తావు తట్టి?" అన్నాను.

"ప్రతి మాటకూ ఒక నడక ఉంటాది. నడక తెలిస్తే మాట దానంతట అదే వస్తాది. పద్యాలు గూడా అట్లనే కదా పట్టుకునేది."

అప్పటినుంచి అదే పద్ధతి. మాట తప్పిన పిల్ల మడిమతో చెక్కను నొక్కాలి. కింద నుంచి ఆయన ముందు ఒక్కసారి తడతాడు, నేను ఈడే ఉండాను అని. ఆ తర్వాత కాస్త ఆగి, ఆ మాట నడకను తడతాడు. ఇద్దరు పిల్లలకూ ఒకటే పద్ధతి. ఐదో తరగతి పిల్లను మళ్ళీ ముందు వరసలో కూర్చోబెట్టి ఆడించాం. చివరిదాకా చెవులు రిక్కించి కూర్చుని, "దెయ్యం పోయింది టీచర్" అంది నిరాశగా. బెంచీల కింద చిన్నాయన నవ్వుకున్నట్టున్నాడు, పైన నిలబడ్డ చెల్లెలు కూడా నవ్వింది.

ఆ "కాస్త ఆగి" దగ్గరే మా ఇద్దరికీ పడేది కాదు. పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడితే నాకు ప్రాణం పోయేది. "తట్టు చిన్నాయనా" అని కసురుకునేదాన్ని. "ఎతుక్కుంటాండాది కదమ్మా. నువ్వు ఊరికే ఉండు" అనేవాడు కింద నుంచి. నాలుగింట మూడుసార్లు పిల్లకు మాట దొరికేది. నా ఉద్యోగమంతా పిల్లలు వెతుక్కోకముందే చేతిలో పెట్టేస్తూ వచ్చానని ఆ పది రోజుల్లో తెలిసింది. తెలిసినందుకు సంతోషమేమీ కలగలేదు, ఇంకాస్త అలసటగా అనిపించింది.

బెంచీల కింద దుమ్ము. గంటసేపు దగ్గు ఆపుకుని పడుకునేవాడు, దగ్గితే కనపడని పిల్లలకు వినపడుతుందని. అయిపోయాక పెరట్లో కొళాయి పట్టుకుని వంగి దగ్గేవాడు. నేను చూశాను. చాలించు చిన్నాయనా అని ఒకసారి అన్నాను, గట్టిగా అనలేదు. ఆయన చాలిస్తే నాటకం ఆగిపోతుంది కాబట్టి గట్టిగా అనలేదు. ఊపిరితిత్తుల జబ్బు పాతదని, బెంచీలకూ దానికీ సంబంధం లేదని డాక్టరు తర్వాత చెప్పాడు. డాక్టరు చెప్పింది నిజమే అయ్యుంటుంది. నాకు మాత్రం ఆ కొళాయి దగ్గర వంగిన మనిషే కళ్ళ ముందు ఉంటాడు.

ఈసారి నాటకం మా బడిలో కాదు, ధర్మవరంలో, ఒక కల్యాణమండపంలో. చుట్టుపక్కల బడుల నుంచి వినపడని, కనపడని పిల్లలు వస్తారు. తీరా పోయి చూస్తే అక్కడి వేదిక సిమెంటుది. అది ముందే కనుక్కోవాలని నాకు తట్టలేదు. నేను తల పట్టుకుని కూర్చుంటే, చిన్నాయన మండపం వెనకకు పోయి, పెండ్లికొడుకు పెండ్లికూతురు కుర్చీల కింద వేసే చెక్క దిమ్మెను వెతికి పట్టుకొచ్చాడు. మోకాలెత్తు కూడా లేదు. జనం రాకముందే దాని కింద దూరాలి, అయిపోయేదాకా కదలకూడదు. "వంటకు చెప్పినారా? పిల్లోళ్ళు ఆకలికి ఓర్వలేరు" అని ఒక్క మాట అడిగి, దూరాడు.

నాటకం బాగానే సాగింది. అక్కాచెల్లెళ్ళు విడిపోయాక అక్క వేషం పిల్ల గుట్ట మీద ఒంటరిగా నిలబడి ఒక మాట అనాలి. "నువ్వు వచ్చేదాకా నేను ఈడనే ఉంటా" అనాలి. అక్కడ ఆగిపోయింది. మడిమ నొక్కడం చూశాను. చేతులు సగం ఎత్తి నిలబడ్డాను, ఆ పిల్ల పలికితే చేతులతో చెప్పాలని. తప్పెట ఆగింది. మండపం నిండా పిల్లలు, ఎవరూ కదల్లేదు. ఎంతసేపో తెలియదు, ఎత్తిన చేతులు దించలేదు. అప్పుడు ఆ పిల్ల తలెత్తి, ఎన్నడూ లేనంత నిదానంగా ఆ మాట అంది. కింద నుంచి అందిందని ఊపిరి పీల్చుకున్నాను.

అయిపోయాక సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది రెండు చేతులూ పైకెత్తి ఊపారు. ఎవరెవరో వచ్చి ఫోటోలు తీశారు. దిమ్మె కింద మనిషి ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. నాకు కూడా. అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చి పరుగెత్తాను. అప్పటికే బయటికొచ్చి, గోడ పక్కన మజ్జిగ తాగుతున్నాడు. మరిచిపోయాను చిన్నాయనా అన్నాను. "మరిచిపోవాల పాపా. గుర్తుండేటట్టు చేస్తే నా పని నాకు రానట్టే" అన్నాడు. చిన్నబుచ్చుకోలేదు. చిన్నబుచ్చుకున్నా నాకు తెలిసేది కాదు.

మొన్న మంగళవారం, ఫోన్ వచ్చాక, పెనుకొండకు ఆ ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయాను. ఇంటి ముందు షామియానా వేశారు. అక్క వేషం పిల్ల తడుముకుంటూ మా చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, ధర్మవరంలో నేను మాట మరిచిపోతే తాతే అందిచ్చినాడు. తాత లేకుంటే నేను ఆడనే నిలబడిపోయుంటి."

చిన్నమ్మ తలూపింది, ఆ పిల్లకు కనపడదని మరిచి. ఏమందని చెల్లెలి వేషం పిల్ల నన్ను అడిగింది. ఉన్నది ఉన్నట్టు చేతులతో చెప్పాను. అందులో ఒక సంగతి నిజం కాదని నాకు తెలుసు. అయినా అట్లాగే చెప్పాను.

ఆ నాటకం రోజున, తిరుగు దారిలో పిల్లలు వ్యాన్‌లో వెళ్ళిపోయారు. అందులో చోటు చాలక నేనూ చిన్నాయనా బస్సెక్కాం. చెన్నేకొత్తపల్లి దాకా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దాటాక, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఆ మాట నాకూ రాలేదు పాపా."

నాకు అర్థం కాలేదు.

"పెద్ద పాప మడిమ నొక్కింది కదా. ఈడే ఉండానని ఒకసారి తడితి. మల్లా నడక తట్టాల కదా. యాడికి పాయనో. ఎంత ఎతికినా నా దగ్గర మాట లేదు. నలభై ఏండ్లల్లో ఎప్పుడూ లేదు అట్ల. చెమట్లు పట్టినాయి."

"మరి?"

"మరేం ఉండాది. మల్లా ఒకసారి తడితి, ఊరికే. ఈడే ఉండానని. అంతే. మాట ఆ పాపే చెప్పుకునింది. ఆ పాపకు చెప్పాకు. నా దగ్గర ఉండాది అనుకోనీ."

చెప్పనన్నాను. ఆయన నా వంక చూడలేదు. పెదవులు కదులుతున్నాయి, ఆ మాటను లోలోపల అప్పజెప్పుకుంటున్నాడు, ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ మళ్ళీ.

పెనుకొండ వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. దిగడానికి లేచి నిలబడితే అప్పుడు చూశాను ఆయన వీపు. తెల్ల చొక్కా నిండా దుమ్ము, మెడ దగ్గర నుంచి నడుము దాకా ఎవరెవరి పెండ్లిళ్ళవో పసుపు తలంబ్రాలు అంటుకుని ఉన్నాయి. దులుపుదామని చెయ్యి చాచాను. "ఉండనీ పాపా" అని దిగిపోయాడు. బస్సు కదిలేటప్పటికి ఆయన బజారు నడిమధ్యన పోతున్నాడు, గోడ వారగా కాదు, మధ్యన, ఆటోలు తప్పుకుని పోతుంటే, నిదానంగా, ఆ చొక్కాతోనే.